సైన్సు క్లాసులో ఫ్రీ టూల్స్: ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూసేయాలి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చాలా ప్రభుత్వ హైస్కూళ్ళలో ఇప్పుడు తరగతి గోడకి ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెర) ఉంది. దాని మీద జరిగే పని మాత్రం ఎక్కువగా రెండు రకాలే. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిచి చదివించడం, లేదంటే యూట్యూబ్‌లో ఏదో ఒక వీడియో పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టడం. తప్పేం లేదు. కానీ అంత పెద్ద తెర పెట్టుకుని అంతటితో ఆగిపోతే ఎట్లా?

పైసా ఖర్చు లేని కొన్ని టూల్స్‌ని పీరియడ్‌లో ఎలా ఇమడ్చుకోవాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఎక్కువగా ఫిజికల్ సైన్స్ చెప్పేవాళ్ళకి, కొంత బయాలజీ వాళ్ళకి. టూల్స్ జాబితాలకి కరువు లేదు. "సైన్సు టీచర్లకు 50 వెబ్‌సైట్లు" అని ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో పెడుతూనే ఉంటారు, మనం దానికి స్టార్ పెట్టుకుని మర్చిపోతూనే ఉంటాం. యాభై అక్కర్లేదు. నాలుగు చేతికి బాగా అలవాటైతే ఏడాది నడిచిపోతుంది.

ఒక్క షరతు. పిల్లలు చేత్తో చేయగలిగిన ప్రయోగాన్ని తెర మీద చూపించకండి. కంటికి కనపడనిది, చేతికి అందనిది, ఒక పీరియడ్‌లో జరిగి ముగియనిది, చేస్తే ప్రమాదమైనది మాత్రమే తెర మీదికి రావాలి. నిమ్మరసంలో లిట్మస్ ముంచడం కూడా సిమ్యులేషన్‌లోనే చూపిస్తే, ల్యాబ్ బీరువాకి తాళం తీయడానికి బద్ధకించామనే అర్థం.

మొదట ప్రశ్న రాసుకోండి

టూల్ దొరికింది కదా అని దానికి తగ్గ పాఠం వెతుక్కోవడం చాలామంది చేసే పని. తిరగేసి చేయండి. లెసన్ ప్లాన్ రాసేటప్పుడు, ఈ పాఠంలో పిల్లలు ఏటా ఎక్కడ తట్టుకుంటున్నారో గుర్తు తెచ్చుకోండి. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పేపర్లు దిద్దేటప్పుడు ఒకే తప్పు పదిమంది రాసిన చోటు అది. దాన్ని ఒక ప్రశ్నగా రాయండి. "శ్రేణిలో రెండు బల్బులు పెడితే ఏది ఎక్కువ వెలుగుతుంది?" "ఆమ్లంలో నీళ్ళు పోస్తూ పోతే అది ఎప్పటికైనా క్షారం అవుతుందా?" "మధ్యాహ్నం మన నీడ ఎప్పుడైనా మాయమవుతుందా?"

ప్రశ్న ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. "విద్యుత్తు అంటే ఏమిటి" అన్నదానికి ఏ సిమ్యులేషనూ జవాబు చెప్పదు.

ఇంట్లోనే దించుకోండి

బడిలో నెట్ ఉంటుంది అని నమ్ముకుని వెళ్ళకండి. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, సరిగ్గా మీ పీరియడ్‌లోనే, గుండ్రంగా తిరిగే ఆ చక్రాన్ని నలభైమంది పిల్లలతో కలిసి చూస్తూ నిలబడాల్సి వస్తుంది.

మొదట నేర్చుకోవాల్సింది ఫెట్, తెర మీద ప్రయోగాలు చేసి చూసే ఉచిత సిమ్యులేషన్ల సైటు. ఇంగ్లీషులో పి-హెచ్-ఇ-టి అని కొట్టి, పక్కన సిమ్యులేషన్స్ అని చేరిస్తే గూగుల్‌లో మొదటే వస్తుంది. అమెరికాలో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు 2002 నుంచి నడుపుతున్నారు. మొదలుపెట్టిన కార్ల్ వీమన్‌కి దానికి ముందటేడే భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అంత పెద్దాయన బడిపిల్లల బల్బులు, బ్యాటరీల మీద కూర్చున్నాడంటే ఆ పని చిన్నదేమీ కాదన్నమాట.

ప్రతి సిమ్యులేషన్ కిందా డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. అది నొక్కితే ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు దిగుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నెట్ లేకపోయినా క్రోమ్‌లో తెరుచుకుంటుంది. బ్రౌజర్ మెనూలోని "సేవ్ పేజ్" నొక్కితే మాత్రం పనిచేయదు, డౌన్‌లోడ్ గుర్తే నొక్కాలి. అదే పేజీలో అనువాదాల జాబితా ఉంటుంది, కొన్ని సిమ్యులేషన్లకి తెలుగు కూడా ఉంది. తెలుగుది కావాలంటే ఆ జాబితాలోంచే విడిగా దించుకోవాలి.

ప్యానెల్ ఆండ్రాయిడ్ మీద నడిచేదైతే ఫైల్ మేనేజర్‌లోకి వెళ్ళి, ఫైలుని బ్రౌజర్‌తో తెరవమని అడగాలి. కొన్ని ప్యానెళ్ళు మొండికేస్తాయి. అందుకే ముందురోజు సాయంత్రం, పిల్లలు ఇళ్ళకి పోయాక, ఐదు నిమిషాలు ఒకసారి తెరిచి చూసుకోండి. తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ తీగతో కలపండి. తీగ స్టాఫ్‌రూమ్‌లో దొరుకుతుందనుకోవద్దు, మీ సంచిలో ఒకటి పెట్టుకోండి.

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌లు దీక్షా అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లోకి తీసుకెళ్తాయి. అందులో తెలుగు వీడియోలు ఉంటాయి, సిలబస్‌కి అతుక్కుని ఉంటాయి. నాణ్యత మాత్రం ఒక్కోటి ఒక్కో రకం. మీరు చూడకుండా పిల్లలకి చూపించకండి, నచ్చితే దాన్నీ ముందే దించుకోండి. దీక్షా గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

పదో తరగతి విద్యుత్తు: ఒక పీరియడ్ మొత్తం

ఒక్క పాఠాన్ని పూర్తిగా చూద్దాం, మిగతావాటికి పద్ధతి దాన్నిబట్టి తెలిసిపోతుంది.

"సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ" దించుకోండి. దీనికి "వర్చువల్ ల్యాబ్" అని పేరు చివర చేర్చిన ఇంకో రకం ఉంది, అందులో ఎలక్ట్రాన్లు కనిపించవు. మనకి కావాల్సిందే అవి కాబట్టి మొదటిదే తీసుకోండి.

బ్యాటరీ, స్విచ్, రెండు బల్బులు శ్రేణిలో కలిపి ఉంచండి. బ్యాటరీ 9 వోల్టులు, ఒక్కో బల్బు నిరోధం 10 ఓమ్‌లు ఉండేలా చూసుకోండి. స్విచ్ వేయొద్దు. కరెంటు చూపించే పెట్టెలో టిక్ తీసేయండి, ఎలక్ట్రాన్లు ఇప్పుడే కనపడకూడదు.

ఇప్పుడు అడగండి: ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? మొదటిదా, రెండోదా, రెండూ సమానమా? చేతులెత్తించి మూడు అంకెలూ బోర్డు మీద రాయండి. తర్వాత ఎందుకని అడగండి. ఏ సెక్షన్‌లోనైనా ఎవరో ఒకరు లేచి ఇలా అంటారు: "బ్యాటరీకి దగ్గరుండేదే సార్ ఎక్కువ వెలుగుతాది. కరెంటు ముందు దానికే కదా పోయేది. అది తాగినాక మిగిలిందే రెండోదానికి వస్తాది."

ఇక్కడ నోరు కట్టేసుకోవాలి. "కాదురా" అన్నారో, పాఠం అయిపోయినట్టే. తక్కినవాళ్ళంతా మీ ముఖం చూసి జవాబు మార్చేసుకుంటారు. "సరే, చూద్దాం" అని ఆ పిల్లాడితోనే స్విచ్ వేయించండి.

రెండూ సమానంగా వెలుగుతాయి. గోల మొదలవుతుంది. ఆ గోలలోనే ఎలక్ట్రాన్ల టిక్ పెట్టండి. ఇప్పుడు తెర మీద నీలం చుక్కలు నడుస్తుంటాయి. మొదటి బల్బుకి ముందు, రెండింటికీ మధ్య, రెండోదాని తర్వాత చుక్కల వేగం మారుతోందేమో గమనించమనండి. మారదు. అమ్మీటరుని ఆ మూడు చోట్లా పెట్టించండి. మూడు చోట్లా 0.45 ఆంపియర్లే. ఇప్పుడు ఆ పిల్లాడినే అడగండి, మొదటి బల్బు కరెంటు తాగిందా అని. తాగలేదు. బల్బు తీసుకున్నది శక్తిని, ఎలక్ట్రాన్లని కాదు. ఈ మాట మీరు చెప్పేకంటే వాళ్ళ నోట రావడమే మేలు, నాలుగైదు నిమిషాలు ఆగితే వస్తుంది కూడా.

తర్వాత ఒక బల్బు పీకేయించండి. రెండోదీ ఆరిపోతుంది. అవే బల్బుల్ని సమాంతరంగా కలిపిస్తే ఒక్కోదానిలో 0.9 ఆంపియర్లు, బ్యాటరీ దగ్గర 1.8. ఒకటి పీకినా రెండోది చలించదు.

ఇంటిపనికి ఒక ప్రశ్న ఇవ్వండి. బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతి వీధుల్లో కట్టే సీరియల్ లైట్ల దండల్లో ఒక్కోసారి మధ్యలో ఒక ముక్క మాత్రం ఆరిపోయి, అటూ ఇటూ వెలుగుతూ ఉంటుంది. మొత్తం శ్రేణిలో ఉంటే మొత్తం ఆరాలి, మొత్తం సమాంతరంలో ఉంటే ఒక్క బల్బే ఆరాలి. మరి ముక్క ఎందుకు ఆరింది? సర్క్యూట్ బొమ్మ గీసుకురమ్మనండి. మర్నాడు ఎవరో ఒకరు సరిగ్గా గీసుకొస్తారు, చాలాసార్లు అది ఫస్ట్ ర్యాంకు పిల్లాడు కాడు.

రెండు జాగ్రత్తలు. సిమ్యులేషన్‌లో ఎలక్ట్రాన్లు పోయే దిశ, పుస్తకంలో విద్యుత్ ప్రవాహ దిశ ఒకదానికొకటి ఎదురు. అదే పెట్టెలో "కన్వెన్షనల్" అని మార్చే వీలుంది. రెండూ చూపించండి, పరీక్షలో ఏది రాయాలో కూడా చెప్పండి. ఇక నిజం తీగలో ఎలక్ట్రాన్లు ముందుకి జరిగే వేగం సెకనుకి మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు, తెర మీద కనపడే పరుగు మన కంటి కోసం పెట్టింది. ఇది చెప్పకపోతే వాళ్ళు దాన్నే నిజమనుకుని ఇంటర్ దాకా మోసుకుపోతారు.

ఇరవై నిమిషాలు దాటకముందే ప్యానెల్ ఆపేయండి. టార్చి బల్బులు, సెల్లులు, తీగలు చేతికిచ్చి నలుగురేసి గుంపులుగా అదే కట్టమనండి. ఒక గుంపులో తప్పకుండా ఒక బల్బు కాస్త ఎక్కువ వెలుగుతుంది. "సార్, తెరలో అబద్ధం చూపించినారు!" అంటారు. బల్బులు ఒకే కంపెనీవా, ఒకే వోల్టేజీవా, తీగ కొస సరిగ్గా గీకారా, వాళ్ళే వెతుక్కోవాలి. నన్నడిగితే పీరియడ్ మొత్తంలో విలువైన పది నిమిషాలు అవే. తెర మీద అన్నీ కుదురుతాయి, బల్ల మీద కుదరవు. ఎందుకు కుదరలేదో వెతకడం కూడా పాఠంలో భాగమే.

ఆమ్లాలు, క్షారాలు: ముందు పసుపు, తర్వాత తెర

పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రబడుతుందని మన పిల్లలకి చెప్పక్కర్లేదు. ఇంట్లో దిష్టి తీసేటప్పుడు చూసే ఉంటారు. పసుపు ముద్ద పూసి ఆరబెట్టిన తెల్లకాగితం ముక్కలు చేయించండి. చింతపండు రసం, సున్నపు తేట, బట్టల సబ్బు నీళ్ళు, కుంకుడు రసం ఒక్కో చుక్క వేయించండి. సబ్బుకీ కుంకుడుకీ రెండింటికీ నురగ వస్తుంది, కాగితం మాత్రం సబ్బుకే ఎర్రబడుతుంది. కుంకుడు కొంచెం ఆమ్ల గుణమున్నది. నురగ వచ్చేదల్లా క్షారం అనుకునే పిల్లలకి ఇది గట్టిగా తగులుతుంది.

ఆ తర్వాతే ఫెట్‌లో "పీహెచ్ స్కేల్" తెరవండి. ఆమ్లం ఎంచుకుని నీటి కుళాయి తిప్పుతూ పోండి. పీహెచ్ పెరుగుతుంది, 7 వైపు జరుగుతుంది, కానీ దాటదు. ఎన్ని నీళ్ళు పోసినా పులుసు సబ్బునీళ్ళు కాదు. అక్కడే అయాన్లని చుక్కలుగా చూపే టిక్ ఉంది, అది పసుపు కాగితం చూపించలేనిది. పది నిమిషాలు చాలు, మూసేయండి.

ఫోన్‌ని కొలిచే పరికరంగా మార్చడం

తరగతిలో సెల్‌ఫోన్ తీయాలంటే ముందే హెచ్‌ఎం గారికి చెప్పి ఒప్పించుకోండి. ఆంక్షలు ఉన్నాయి, పైనుంచి ఎవరైనా తనిఖీకి వచ్చినప్పుడు మీ చేతిలో ఫోన్ కనిపిస్తే సంజాయిషీ మొదలవుతుంది. లెసన్ ప్లాన్‌లో "పరికరం: ఫోన్, ధ్వని వేగం కొలవడానికి" అని రాసి సంతకం చేయించుకుంటే గొడవ లేదు.

యాప్ పేరు ఫైఫాక్స్. స్పెల్లింగ్ పి-హెచ్-వై-పి-హెచ్-ఓ-ఎక్స్. జర్మనీలో ఆహెన్ నగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళది, ఉచితం. మన ఫోన్‌లో ఉండే మైక్రోఫోను, త్వరణం కొలిచే సెన్సర్, అయస్కాంత సెన్సర్, వీటన్నిటి అంకెల్నీ బయటపెడుతుంది. పాతబడి మూలన పడేసిన ఫోన్ అయినా చాలు, సిమ్ అక్కర్లేదు.

ధ్వని పాఠంలో గాలిలో ధ్వని వేగం రాస్తాం, కంఠతా పెట్టిస్తాం. ఈసారి కొలిపించండి. రెండు ఫోన్లు కావాలి, రెండింటిలోనూ "అకౌస్టిక్ స్టాప్‌వాచ్" తెరవండి. ఇది పెద్ద శబ్దం వినగానే మొదలై, రెండో పెద్ద శబ్దానికి ఆగే గడియారం.

బడి వరండాలో టేపుతో సరిగ్గా 10 మీటర్లు కొలిచి ఈ కొసన ఒక ఫోన్, ఆ కొసన ఒక ఫోన్ నేల మీద పెట్టండి. ఈ కొసన ఉన్న పాప తన ఫోన్ పక్కనే గట్టిగా చప్పట్లు కొడుతుంది. ఈ ఫోన్ వెంటనే మొదలవుతుంది, ఆ ఫోన్ శబ్దం అక్కడికి చేరాక. క్షణం ఆగి ఆ కొస పిల్లాడు తన ఫోన్ పక్కన చప్పట్లు కొడతాడు. ఆ ఫోన్ వెంటనే ఆగుతుంది, ఈ ఫోన్ శబ్దం ఇక్కడికి చేరాక. కాబట్టి ఈ ఫోన్‌లో కాలం కొంచెం ఎక్కువ ఉంటుంది. ఆ తేడా శబ్దం 10 మీటర్లు పోవడానికి, 10 మీటర్లు రావడానికి పట్టిన కాలం. 20ని ఆ తేడాతో భాగిస్తే వేగం.

మన ఎండల్లో, 30 డిగ్రీల దగ్గర, ధ్వని వేగం సెకనుకి సుమారు 349 మీటర్లు. అంటే తేడా 0.057 సెకను దగ్గరగా రావాలి. కంటి రెప్ప కొట్టే లోపల జరిగిపోయేదాన్ని పిల్లలు కొలుస్తున్నారు.

చిక్కులు కూడా వస్తాయి. పక్క తరగతిలో పద్యం అప్పజెబుతున్నారంటే గడియారం తనంతట తనే మొదలైపోతుంది. అప్పుడు "థ్రెషోల్డ్" పెంచండి. ప్రతిధ్వనికే ఆగిపోతుంటే "మినిమమ్ డిలే" పెంచండి. చేతి చప్పట్లు చాలకపోతే మధ్యాహ్న భోజనం స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చుకోండి. ఒక్క కొలతతో ఆగకుండా ఐదారు తీసుకుని సగటు కట్టించండి. 331కి ఉష్ణోగ్రతని 0.6తో గుణించి కలిపితే పుస్తకం లెక్క వస్తుంది, దానితో పోల్చమనండి.

ఫైఫాక్స్‌లో "రిమోట్ యాక్సెస్" అనేది ఒకటుంది. ఫోన్, ప్యానెల్ ఒకే వైఫైలో ఉంటే ఫోన్ గీసే గ్రాఫు ప్యానెల్ మీద కనపడుతుంది. లోలకానికి ఫోన్ కట్టి ఊపినప్పుడు తరగతంతా చూడాలంటే ఇదే దారి.

నీడ మాయమయ్యే రోజు

ఈ ఒక్కటి మాత్రం ఏ పాఠం కిందికి వచ్చినా రాకపోయినా చేయించండి.

సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదికి రావడం కర్కట, మకర రేఖల మధ్య ఊళ్ళలో ఏడాదికి రెండుసార్లే జరుగుతుంది. ఢిల్లీ పిల్లలకి ఎన్నడూ జరగదు. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఇక్కడ ఆ రోజులు ఏప్రిల్ 26, 27 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 16, 17 ప్రాంతంలో మరోసారి. చిత్తూరు కాస్త దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ ఏప్రిల్ 25 ప్రాంతం, ఆగస్టు 18 ప్రాంతం. ఏప్రిల్‌ది సెలవుల్లో కొట్టుకుపోతుంది. ఆగస్టుది మనది: జెండా పండుగ అయిన మర్నాడో, ఆ మర్నాడో. మబ్బు పట్టే కాలమే గానీ, ఒకరోజు అటూఇటూ అయినా నీడ దాదాపు ఉండదు కనక మూడు రోజులు చేతిలో పెట్టుకోండి.

సిద్ధం కావడానికి స్టెల్లేరియం కావాలి, ఏ ఊళ్ళో ఏ సమయానికి ఆకాశం ఎలా ఉంటుందో చూపించే సాఫ్ట్‌వేర్ ఇది. కంప్యూటర్‌లో పెట్టుకునేది పూర్తిగా ఉచితం, ఒకసారి పెట్టుకుంటే నెట్ అక్కర్లేదు. ఎఫ్6 నొక్కి ఊరు తిరుపతి అని ఇవ్వండి. ఎఫ్5 నొక్కి తేదీ ఆగస్టు 16, సమయం మధ్యాహ్నం 12:16 పెట్టండి. సూర్యుడి మీద నొక్కితే ఎత్తు కోణం చూపిస్తుంది. 90కి దగ్గరగా ఉంటుంది. ఇప్పుడు పిల్లల్ని అడగండి: మధ్యాహ్నం అంటే 12 గంటలు కదా, 12:16 ఎందుకు? మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, తిరుపతి 79.4 దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. ఆ 12 నిమిషాలకి, ఆగస్టు మధ్యలో సూర్యుడు గడియారం కంటే వెనకబడే మరో 4 నిమిషాలు కలుపుకోండి.

అలాగే కీబోర్డులో ఇంగ్లీషు 'A' అక్షరం నొక్కండి. వాతావరణం మాయమై పట్టపగలే నక్షత్రాలు బయటపడతాయి. సూర్యుడు సింహరాశిలో ఉంటాడు. పంచాంగంలో సూర్యుడు సింహంలోకి వచ్చేదీ ఆ రోజుల్లోనే. ఎవరింట్లోనో పంచాంగం తెప్పించి పోల్చమనండి.

ఆ రోజు బడి ఆవరణలో చేయాల్సింది: సరిగ్గా ఒక మీటరు పొడవున్న పీవీసీ పైపు ముక్క, చదునైన సిమెంటు నేల, దారానికి రాయి కట్టిన తూకపు గుండు. పైపు నిటారుగా నిలబెట్టడమే అసలు పని, గుండుతో రెండు వైపుల నుంచీ చూసి సరిచేయండి. 11:45 నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. 12:10 దాటాక పిల్లల్ని పిలవక్కర్లేదు, వాళ్ళే చుట్టూ మూగుతారు. అప్పుడు వాళ్ళ నీడలు పడకుండా వెనక్కి తోయడమే మీ పని.

ఇక్కడితో ఆపినా చాలు. కానీ ఫోన్ ఉంది, వాట్సాప్ ఉంది కాబట్టి ఇంకొక అడుగు వేయొచ్చు. శ్రీకాకుళంలో తెలిసిన టీచర్ ఎవరైనా ఉంటే వెతికి పట్టుకోండి, ట్రైనింగ్‌లలో పరిచయమైనవాళ్ళు ఉంటారు. అదే రోజు వాళ్ళ బడిలో కూడా ఒక మీటరు పైపు నిలబెట్టి, మధ్యాహ్నం అన్నిటికంటే పొట్టి నీడని కొలవమనండి. వాళ్ళకి అది 12 గంటలకి కొంచెం ముందే వస్తుంది. మన దగ్గర నీడ లేని రోజున వాళ్ళ దగ్గర 8 సెంటీమీటర్ల పైచిలుకు నీడ ఉత్తరానికి పడుతుంది. ఆ పైపు ఎత్తు, నీడ పొడవు గ్రాఫ్ కాగితం మీద గీసి కోణం కొలిస్తే 4.7 డిగ్రీల దగ్గర వస్తుంది.

తర్వాత గూగుల్ ఎర్త్‌లో రూలర్ తీసుకుని తిరుపతి నుంచి నిట్టనిలువుగా ఉత్తరానికి, శ్రీకాకుళం ఉన్న అక్షాంశం దాకా కొలవండి. ఐమూలగా ఊరి నుంచి ఊరికి కొలవకూడదు, పిల్లలు మొదట అదే చేస్తారు. 520 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. 4.7 డిగ్రీలకి 520 అయితే 360 డిగ్రీలకి ఎంత? భూమి చుట్టుకొలత, దాదాపు 40,000 కిలోమీటర్లు. రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందట గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసింది ఇదే లెక్క. నీడ కొలతలో అర సెంటీమీటరు తప్పితే జవాబు రెండు వేల కిలోమీటర్ల పైన తప్పుతుంది. పైపు ఎంత పొడవుంటే అంత మంచిదని అప్పుడు వాళ్ళకే తడుతుంది.

స్టెల్లేరియం పెట్టుకున్నారు కాబట్టి కార్తీక మాసం దాకా దాన్ని తీసేయకండి. కార్తీక పౌర్ణమి తేదీ ఇచ్చి చందమామ పక్కన ఏ నక్షత్రాల గుంపు ఉందో చూడమంటే కృత్తిక దొరుకుతుంది. నెలకి ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చెప్పక్కర్లేదు. ధ్రువ నక్షత్రం ఎత్తు మన అక్షాంశమంతే, 13, 14 డిగ్రీలు. స్టెల్లేరియంలో చూపించి రాత్రికి వెతకమంటే, అలిపిరి వైపు ఇళ్ళున్న పిల్లలు "కనపడలేదు సార్" అని వస్తారు. ఉత్తరాన తిరుమల కొండ అడ్డం కదా. దూరంగా, రేణిగుంట వైపు మైదానంలో ఉన్నవాళ్ళకి దొరుకుతుంది.

బయాలజీకి, తుఫాన్లకి కొంచెం

బడి తోటలో మొక్కల్ని, పురుగుల్ని గుర్తుపట్టడానికి సీక్ అనే యాప్ ఉంది. ఖాతా తెరవక్కర్లేదు, పిల్లల పేర్లు ఎక్కడా ఇవ్వక్కర్లేదు, అందుకే దీన్ని చెబుతున్నాను. కెమెరా చూపిస్తే కుటుంబం, ప్రజాతి, జాతి దాకా దిగుతుంది. తప్పులు చెబుతుంది కూడా. యాప్ చెప్పిన పేరు, పిల్లల ఊళ్ళో పేరు, ఆకు అమరిక చూసి మీరు చెప్పే పేరు, మూడూ పక్కపక్కన రాయించి ఏది సరైనదో వాదించుకోనివ్వండి. పక్షుల కూతలకైతే కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళ మెర్లిన్.

గాలులు, తుఫానుల పాఠానికి ఎర్త్ నల్‌స్కూల్ అనే సైట్ తెరవండి. ఇది నెట్ ఉంటేనే పనిచేస్తుంది. గాలులు తెర మీద గీతలుగా పారుతుంటాయి, పాత తేదీలకి కూడా వెళ్ళొచ్చు. 2023 డిసెంబరు 4కి వెళ్తే మిచౌంగ్ తుఫాను మన తీరం పక్కనే సుడి తిరుగుతూ కనపడుతుంది, మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటింది. సుడి ఏ వైపు తిరుగుతోందో పిల్లల చేత వేలితో గాల్లో గీయించండి, గడియారం ముల్లుకి ఎదురు. ఆ వానల్లో నానినవాళ్ళే తరగతిలో ఉంటారు కాబట్టి మాటలకి కొదవ ఉండదు. తిరుపతి, చిత్తూరు మధ్య గాదంకిలో ఆకాశంలోని గాలుల్ని రాడార్‌తో కొలిచే జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉందని అప్పుడు చెప్పండి.

అర్థమైందో లేదో చూడటం

పిల్లల చేతుల్లో ఫోన్లు లేకుండానే ఐదు నిమిషాల్లో తరగతి మొత్తాన్ని పరీక్షించాలంటే ప్లికర్స్ వాడండి. ఒక్కో పిల్లాడికి ఒక్కో ముద్ర ఉన్న కాగితం కార్డు. 40 కార్డుల సెట్టు ప్రింటు తీసి అట్టకి అంటించుకుంటే ఏడాదంతా వస్తాయి. కార్డుని ఎటు తిప్పి పట్టుకుంటే అది జవాబు. మీరు ఫోన్‌తో తరగతిని ఒకసారి చుట్టి చూపిస్తే ఎవరు ఏం చెప్పారో దిగిపోతుంది. పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు, ముద్రలు వేరువేరు. ఉచిత ఖాతాలో కొన్ని పరిమితులు ఉంటాయి, పీరియడ్‌కి రెండు మూడు ప్రశ్నలకి అవి అడ్డం రావు. పాఠానికి ముందు అడిగిన ప్రశ్ననే చివర్లో మళ్ళీ అడగండి, ఎంతమంది మారారో కనపడుతుంది.

ప్రశ్నలు తయారు చేయడానికి ఇప్పుడు ఏఐ చాట్ టూల్స్ ఉన్నాయి. వాడుకోండి గానీ, జవాబుల పట్టిక మీరే కట్టుకోండి. లెక్కల్లో, ముఖ్యంగా కాంతి పాఠంలో గుర్తుల దగ్గర, ధీమాగా తప్పు చెబుతాయి. పారిభాషిక పదాలు కూడా మన పుస్తకంలో ఉన్నవి కాకుండా వేరేవి వాడతాయి, పిల్లలు తికమకపడతారు.

చివరిగా ఫైళ్ళ సంగతి. దించినవన్నీ డౌన్‌లోడ్స్‌లో పడేస్తే వచ్చే ఏడు మళ్ళీ మొదటికే వస్తుంది. తరగతి, పాఠం, ప్రశ్న ఈ మూడూ ఫైలు పేరులోనే పెట్టండి: "10-విద్యుత్తు-ఏ బల్బు ఎక్కువ". అదే ఫోల్డర్‌లో ఒక చిన్న నోట్: ఎన్ని చేతులు ఎటు లేచాయి, ఏ పిల్లాడి మాట పాఠాన్ని మలుపు తిప్పింది, ఎక్కడ సమయం చాలలేదు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కి వెళ్ళేటప్పుడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకోండి. పక్క బడి పీఎస్ (ఫిజికల్ సైన్స్) సార్ దగ్గర ఉన్నవి ఇటు, మీవి అటు ఎక్కించుకోవడానికి టీ విరామం సరిపోతుంది.